కార్డు పోయింది అంటున్నరు. పోయింది కార్డు కాదు, యాడీ గొంతు

 

పోస్టు పొడుగైంది. అయినా చివరిదాకా చదవండి. మధ్యలో కొందరికి కోపం వస్తది. మాకూ వచ్చింది, అందుకే రాస్తున్నం. పేర్లు ఎవరివీ రాయం. దుకాణం పేరు రాయం, కార్డు కంపెనీ పేరు రాయం. ఎందుకంటే ఒక్క దుకాణాన్ని తిట్టి ఊరుకుంటే అయిపోయే ముచ్చట కాదు ఇది.

జరిగింది ఏందంటే, దామరచర్ల దిక్కు ఒక తండాల ఎనభై దాటిన యాడీ ఒకామె ఉండె. పెండ్లి పిల్లను సాగనంపేటప్పుడు ఏడ్చుకుంట పాడే ఢావ్లో పాటలు ఆమెకు వచ్చినన్ని ఆ చుట్టుపక్కల ఎవరికీ రావు. పోయిన తీజ్ పండుగకు మనోళ్లు నలుగురు పోయి, మూడు రాత్రులు కూర్చొని, రాత్రికి రెండు గంటల చొప్పున ఆమె గొంతు రికార్డు చేసిన్రు. ఫోన్ల జాగ లేదని మిర్యాలగూడలో రోడ్డు పక్కన 250 రూపాయలకు 128 జీబీ కార్డు కొన్నరు. బిల్లు లేదు. రికార్డింగు నేరుగా కార్డులోకే పోయేటట్టు సెట్టింగు పెట్టిన్రు. ఫైళ్ల పేర్లు కనిపించినయి, టైము కనిపించింది. అంతా బాగుందనుకున్నరు. ఒక్కటన్నా మొత్తం తెరిచి వినలేదు.

చలికాలంల యాడీ కాలం చేసింది. దినాల నాడు వినిపిద్దామని కార్డు తీసిన్రు. పేర్లు ఉన్నయి. లోపల పాట లేదు. ఏ ఫైలు నొక్కినా తెరుచుకోలే. బజారుకు పోతే సెల్ పాయింట్ అతను చూసి, "కరప్ట్ అయింది తమ్మీ, ఫార్మాట్ కొట్టు, కార్డు బాగైతది" అన్నడు. కొట్టిన్రు. కార్డు బాగైంది.

ఆ ముచ్చట గ్రూపులో పెడితే 60 మంది ఏడుపు బొమ్మలు పెట్టిన్రు. "బ్యాడ్ లక్ భియా" అన్నరు. అదృష్టం అంటున్నరు చూడండి, మా కోపం అంతా అక్కడనే. ఇందుల అదృష్టం ఏమీ లేదు. ఒకడు మోసం చేసిండు, ఒకడు తెలియక తప్పు సలహా ఇచ్చిండు, మనం చదువుకొని కూడా చూసుకోలే. మూడింటికీ కారణాలున్నయి. మూడింటినీ ఆపవచ్చు. పిడుగు పడ్డట్టు మాట్లాడకండి.

మొదట ఇది చిన్న విషయం ఎందుకు కాదో చెప్తం.

మన గోర్ బోలికి సొంత లిపి లేదు. తెలంగాణల మనం తెలుగు అక్షరాలల్ల రాసుకుంటం, కర్ణాటక వాళ్లు కన్నడంల, మహారాష్ట్ర వాళ్లు దేవనాగరిల. 2011 జనాభా లెక్కలల్ల లమాణి/లంబాడీ మాతృభాష అని చెప్పినోళ్లు 32 లక్షల పైనే ఉన్నరు. ఆ లెక్కను తీసుకపోయి హిందీ కింద కలిపిన్రు. రాజ్యాంగం 8వ షెడ్యూల్‌లో 22 భాషలున్నయి, అందుల మనది లేదు. అంటే లైబ్రరీల మన పుస్తకాల అల్మారా లేదు. వంశాల పేర్లు గుర్తుపెట్టుకొని పాడే ఢాడీలు, పాటలు తెలిసిన యాడీలు, పంచాయితీ తీర్పులు తెలిసిన పాత నాయక్‌లు, కార్బారీలు, వీళ్లే మన అల్మారా. లిపి లేని భాషకు రికార్డింగే పుస్తకం. ఆ పుస్తకాన్ని 250 రూపాయల దొంగ కార్డుల పెట్టి, అది పోతే "బ్యాడ్ లక్" అంటున్నం.

సరే, ఇప్పుడు ఒక్కొక్క అబద్ధాన్ని పట్టుకుందాం.

మొదటి అబద్ధం: "128 జీబీ, 250 రూపాయలు."

ఆ కార్డును మేము కోదాడ తెచ్చి కంప్యూటర్ల పెట్టి పరీక్ష చేసినం. కంప్యూటర్ 128 అని చూపించింది. నిజంగ డేటా పట్టేది 8 జీబీ కూడా లేదు. ఇది ఎట్ల సాధ్యం అని చాలామంది అడిగిన్రు. మిర్యాలగూడ పిల్లలకు రైస్ మిల్లు గోదాం తెలుసు గదా, దాంతోనే చెప్తం. కార్డుల రెండు ఉంటయి: డేటా దాచే చిప్పు, అది గోదాం. దాన్ని నడిపే కంట్రోలర్, అతను గుమస్తా. ఫోను గోదాంను నేరుగా చూడదు, గుమస్తాను అడుగుతది. దొంగ కార్డుల గుమస్తాకు అబద్ధం నేర్పి పెడతరు. 8 బస్తాల గోదాం పెట్టుకొని 128 పడతయి అంటడు. 8 నిండినంక వచ్చిన బస్తాకు కూడా చీటీ రాసి ఇస్తడు. బస్తాను మాత్రం వెనుక గుంతల పడేస్తడు, లేదంటే పాత బస్తా తీసేసి దాని జాగల ఇది పెడతడు. మన చేతిల చీటీ ఉంటది, అంటే ఫైలు పేరు. వడ్లు ఉండయి.

ఆ కార్డుల అప్పటికే సినిమాలు, డీజే పాటలు, పీడీఎఫ్‌లు నింపి ఉన్నరు. 8 జీబీ ఎప్పుడో దాటింది. యాడీ పాటలకు చీటీలు మాత్రమే రాసిండు గుమస్తా. అందుకని నిజం చెప్పుకోవాలె: ఫార్మాట్ కొట్టకపోయినా ఆ పాటలు దొరికేవి కావు. అవి ఆ కార్డుల ఎన్నడూ లేవు. ఆమె మూడు రాత్రులు పాడింది, ఆ కార్డు ఒక్క నిమిషం కూడా వినలేదు.

కొనేటప్పుడు ఎట్ల పట్టుకోవాలె? ఒకటి, ధర. 1 టీబీ మైక్రో ఎస్డీ కార్డు మార్కెట్‌కు వచ్చిందే 2019ల. ఈ రోజుకు కూడా నిజమైనది వేలల్ల ఉంటది. 300, 400కు 1 టీబీ అన్నోడు మోసగాడు, వేరే పేరు లేదు. రెండు, పరీక్ష. విండోస్ కంప్యూటర్ల హెచ్2టెస్ట్‌డబ్ల్యూ అనే చిన్న ప్రోగ్రాం ఉంది, లినక్స్‌ల ఎఫ్3 ఉంది. రెండూ పైసలు లేకుండ దొరుకుతయి. కార్డును చివరి దాకా నింపి, మళ్ల చదివి, రాసింది ఉందా లేదా చెప్తయి. సెకనుకు 10 ఎంబీ వేగం ఉన్న కార్డు 64 జీబీ నిండాలంటే గంటా ముప్పావు పడతది, చదవడానికి ఇంకొంత. ఒక్క సినిమా టైము. కంప్యూటర్ లేనోళ్లు కార్డు నిండేదాకా వీడియోలు కాపీ చేసి, ఫోను ఆఫ్ చేసి ఆన్ చేసి, మొదట్ల ఒకటి, నడుమ ఒకటి, చివర ఒకటి తెరిచి చూడండి. మూడూ నడిస్తే చాలావరకు నమ్మవచ్చు.

ఒక మాట, 64 జీబీ కార్డు ఫోనుల 59 అని చూపిస్తే, 32ది 29 అని చూపిస్తే దుకాణపాయన మీదికి పోకండి. అది మోసం కాదు. కంపెనీ 1000తోని లెక్క కడతది, ఫోను 1024తోని లెక్క కడతది. తేడా అక్కడ వస్తది.

మూడు, బిల్లు. "బిల్లు కావాలంటే 18 శాతం ఎక్కువైతది" అంటరు, మనం సిగ్గుపడి ఊరుకుంటం. లంబాడీ పోరడు బిల్లు అడిగితే దుకాణంల ఎట్ల చూస్తరో మాకు తెల్వదా? తెలుసు. అయినా అడగాలె. 2019 వినియోగదారుల రక్షణ చట్టంల బిల్లు ఇయ్యకపోవడం అన్యాయపు వ్యాపారం కింద రాసి ఉంది. పాడైన వస్తువును బిల్లుల రాసిన గడువులోపల, గడువు రాయకపోతే 30 రోజుల లోపల వాపసు తీసుకోను అనడం కూడా దాని కిందికే వస్తది. గోడ మీద "అమ్మిన వస్తువు వాపసు తీసుకోబడదు" అని అట్ట కడితే చట్టం మారదు. 1915 నంబరుకు ఫోన్ చేయండి. జిల్లా వినియోగదారుల కమిషన్‌ల 5 లక్షల లోపు విలువకు ఫిర్యాదు ఫీజు కూడా లేదు, రెండేండ్ల లోపల వేయవచ్చు. బిల్లు లేకపోయినా ఫోన్‌పేల పైసలు కొట్టినట్టు ఉంటది గదా, అది దాచుకోండి. 250 రూపాయలకు కేసా అంటరు. 250 పోగొట్టుకున్నోడు ఒక్కడే కాదు, ప్రతి జాతరల, ప్రతి సంతల అదే అమ్ముతున్నరు. మనం ఊరుకుంటం అనే ధైర్యంతోనే అమ్ముతున్నరు.

రెండో అబద్ధం: "స్టోరేజ్ ఫుల్, కార్డు వేసుకుంటే సరిపోతది."

కార్డు వేసినంక కూడా "జాగ లేదు" అని వస్తుందని సూర్యాపేట హాస్టల్ తమ్ముళ్లు ఎంతమంది అడిగిన్రో. కార్డు ఖాళీగ ఉంటది, ఫోను నిండిపోయి ఉంటది. ఎందుకంటే యాప్‌లు, వాటి డేటా పోయేది ఫోను సొంత జాగలకు. వాట్సాప్ ఫొటోలు, వీడియోలు కూడా ఫోనులోనే పడతయి, కార్డుకు పొమ్మన్నా పోవు. గుడ్ మార్నింగ్ బొమ్మలు, ఒకే వీడియో ఐదు గ్రూపులల్ల ఐదుసార్లు, ఇవే నింపుతున్నయి. వాట్సాప్ సెట్టింగుల "స్టోరేజ్ అండ్ డేటా"ల "మేనేజ్ స్టోరేజ్" తెరిస్తే ఏ గ్రూపు ఎంత మింగిందో కనిపిస్తది. ఈ గ్రూపు ఎంత మింగిందో కూడా చూడండి, మాకేం బాధ లేదు.

తర్వాత, కొన్ని ఫోన్లు కార్డు పెట్టంగనే రెండు దారులు చూపిస్తయి. ఒకటి పోర్టబుల్ స్టోరేజ్, ఇంకోటి ఇంటర్నల్ స్టోరేజ్‌గ ఫార్మాట్ చేయడం. ఈ రెండోది ఆండ్రాయిడ్ 6తోని, 2015ల వచ్చింది. "ఫోన్ల జాగ పెరుగుతది" అని ఆశపడి దాన్ని నొక్కుతరు. దాని అర్థం ఎవరూ చెప్పరు: కార్డుల ఉన్నదంతా తాళం పడతది, తాళంచెవి ఆ ఒక్క ఫోనులనే ఉంటది. కార్డు తీసి ఇంకో ఫోనుల పెడితే చదవదు. ఫోను నీళ్లల్ల పడ్డా, రీసెట్ కొట్టినా కార్డు మంచిగున్నా లోపలిది పోయినట్టే. పాటలు, ఫొటోలు, కాగితాలు దాచే కార్డును ఎప్పుడైనా పోర్టబుల్‌గనే పెట్టండి.

ఇంకోటి. 32 జీబీ లోపు కార్డులు ఫ్యాట్32 పద్ధతిల ఉంటయి. దాంట్ల ఒక్క ఫైలు 4 జీబీ దాటదు. పెద్ద వీడియో కాపీ కాకపోతే కార్డు చెడిపోయిందని పడేయకండి. 64 జీబీ, ఆపైన కార్డులు ఎక్స్‌ఫ్యాట్‌ల వస్తయి, వాటికి ఈ ఇబ్బంది లేదు. కంప్యూటర్ల కాపీ కాకుండ "రైట్ ప్రొటెక్టెడ్" అని వస్తే, అడాప్టర్ పక్కన చిన్న లాక్ ఉంటది, అది కిందికి జరిగిందేమో చూడండి. లాక్ సరిగ్గనే ఉండి కూడా రాయనిస్తలేదంటే కార్డుకు వయసు అయిపోయింది. అప్పుడు ఉన్నది కాపీ చేసుకొని కార్డును వదిలేయండి, కొట్లాడకండి.

ఈ అబద్ధం వెనుక ఉన్న పెద్దోళ్ల సంగతి కూడా అనాలె. చేతిల తక్కువ జాగ ఉన్న ఫోను పెట్టి చదువు మొత్తం దాంట్లోకి తోసిన్రు. 2020 సెప్టెంబర్ 1 నుంచి మన రాష్ట్రంల డీడీ యాదగిరి, టీ-శాట్‌ల పాఠాలు మొదలైనయి. టీవీ లేని ఇంట్ల ఫోనే బడి అయింది. కోదాడ దాటితే ఆంధ్ర. అక్కడ 2022 డిసెంబర్ నుంచి 8వ తరగతి పిల్లలకు నెట్ లేకున్నా నడిచేటట్టు పాఠాలు నింపిన ట్యాబ్‌లు పంచిన్రు. మంచిదే, కాదనం. కానీ ట్యాబ్ ఇచ్చేటోడు, ఫోను అమ్మేటోడు, యాప్ వేసుకోమనేటోడు, వీళ్లల్ల ఎవరన్నా "దీంట్ల దాచింది పోకుండ ఎట్ల చూసుకోవాలె" అని పిల్లగానికి అరగంట చెప్పిన్రా? ఫొటో దిగేటప్పుడు ఉన్న తొందర అరగంట చెప్పేటప్పుడు లేదు. డిగ్రీల కంప్యూటర్ పేపరు ఉంటది, అందుల మెమొరీ గురించి రెండు మార్కుల ప్రశ్న ఉంటది. చేతిల ఉన్న కార్డు సంగతి మాత్రం సెల్ పాయింట్ దగ్గర నేర్చుకోవాలె.

మూడో అబద్ధం: "ఫార్మాట్ కొడితే బాగైతది."

బాగయ్యేది కార్డు. మనకు కావల్సింది కార్డు కాదు, లోపలున్నది. డాక్టర్ దగ్గరికి పోతే మనిషిని వదిలి మంచాన్ని బాగుచేసినట్టు ఉంటది. "కార్డు పాడైంది, ఫార్మాట్ చేయమంటారా" అని ఫోను అడిగిన నాడు మొట్టమొదట చేయాల్సింది: వద్దు అనడం. ఫోను ఆఫ్ చేసి కార్డు తీయండి. బంగారు రంగు గీతలను పొడి మెత్తటి బట్టతోని తుడవండి. ఇంకో ఫోనుల, తర్వాత కార్డు రీడర్‌తోని కంప్యూటర్ల పెట్టి చూడండి. చాలాసార్లు తప్పు కార్డుది కాదు, ఫోను స్లాటుది. తెరుచుకుంటే ముందు అన్నీ కంప్యూటర్లకు కాపీ చేయండి, రిపేరు ముచ్చట తర్వాత. తెరుచుకోకపోతే ఫొటోరెక్ అనే ఉచిత ప్రోగ్రాం ఉంది. పేరుకు ఫొటో గానీ పాటలు, వీడియోలు, పీడీఎఫ్‌లు కూడా వెతుకుతది. ఒక్కటే షరతు: దొరికినవాటిని అదే కార్డులకు రాయొద్దు, కంప్యూటర్ల వేరే జాగల పెట్టాలె. తెలియక ఫార్మాట్ కొట్టినా, తప్పి డిలీట్ చేసినా, ఆ క్షణం నుంచి ఆ కార్డుల కొత్త ఫొటో ఒక్కటి కూడా తీయకండి. కొత్తది రాయనంతవరకు పాతది దొరికే ఆశ ఉంటది. ప్రతిసారీ దొరుకుతదని మాట ఇయ్యలేం. కార్డును ఏ మిషనూ గుర్తించకపోతే ప్రోగ్రాంలతోని పని కాదు.

మేమూ ఆ కార్డు మీద ఫొటోరెక్ నడిపినం. ఒక రాత్రంతా నడిచింది. దొరికినవి: రెండు డీజే పాటలు, సగం సినిమా, ఒక గ్రూప్-4 పీడీఎఫ్. యాడీ గొంతు లేదు.

నాలుగో అబద్ధం: "ఇంకా కార్డులు ఏందన్నా, అన్నీ క్లౌడ్‌ల పెట్టుకోవాలె."

ఇది హైదరాబాదుల వైఫై కింద కూర్చున్న మనోళ్లు చెప్పే మాట. వాళ్లు చెప్పింది సగం నిజం. క్లౌడ్ మంచిదే, కానీ గూగుల్ పైసలు లేకుండ ఇచ్చేది 15 జీబీ. 2021 జూన్ 1 నుంచి ఫొటోలు కూడా ఆ 15ల్లోకే వస్తయి. రెండేండ్లు అసలు తెరవని అకౌంటును తీసేస్తం అని వాళ్లే నియమం పెట్టుకున్నరు. పాస్‌వర్డు మరిచిపోయి, పాత సిమ్ము పడేసి, ఓటీపీ రాక అకౌంటు పోగొట్టుకున్నోళ్లు మన గ్రూపుల ఎంతమంది లేరు? తండాల సిగ్నలు కోసం గుట్టెక్కేటోనికి రోజూ 2 జీబీ అప్‌లోడ్ చేయమంటే ఎట్ల? క్లౌడ్ ఒక్కదాన్నే నమ్మడం కూడా కార్డు ఒక్కదాన్నే నమ్మినట్టే. తేడా ఏందంటే కార్డు పోతే చేతిల పోతది, అది పోతే కనిపించని చోట పోతది.

కానీ ఈ లెక్క కూడా చూడండి. మామూలు ఫోను రికార్డర్‌ల గంట సేపు గొంతు రికార్డు చేస్తే 60 ఎంబీ లోపే. ఆరు గంటలకు 350 ఎంబీ. ఒక సినిమా కన్నా తక్కువ. యాడీ మూడు రాత్రుల పాట మొత్తం ఒక్క పూట డేటా ప్యాక్‌ల కోదాడకు, సూర్యాపేటకు చేరిపోయేది. 15 జీబీల 250 గంటల పాటలు పడతయి. జాగ లేక పోలేదు ఆ పాటలు. ఇంకొక నకలు తీయాలనే బుద్ధి లేక పోయినయి.

ఇప్పుడు మా మీదికి వచ్చే మాట తెలుసు. "భూముల గొడవలున్నయి, స్కాలర్‌షిప్పులు రాలే, హాస్టళ్లల్ల అన్నం బాగలేదు, నోటిఫికేషన్లు లేవు. మీరు మెమొరీ కార్డు గురించి మాట్లాడుతున్నరా?" అవును, మాట్లాడుతున్నం. హాస్టల్ అన్నంల పురుగు వచ్చిందని వీడియో తీసింది ఎక్కడ ఉంటది? ఫోనుల. భూమి కాగితాల ఫొటోలు, నాయినమ్మ పేరు మీదున్న పాత పాస్‌పుస్తకం నకలు ఎక్కడ ఉన్నయి? ఫోనుల. అధికారి ముందల కూర్చున్నప్పుడు "ఫోన్ల ఉండె సార్, పోయింది" అంటే ఎవడు వింటడు? పోరాడేటోనికి సాక్ష్యం దాచుకోవడం కూడా పోరాటమే.

అయితే మేము ఒక తేడా చెప్పదలుచుకున్నం. మళ్ల వచ్చేవి వేరు, మళ్ల రానివి వేరు. కుల ధ్రువీకరణ పత్రం పోతే మీసేవల నంబరుతోని మళ్ల తీసుకోవచ్చు. ఆధార్, మార్కుల మెమోలు డిజిలాకర్‌ల పెట్టుకుంటే ఫోను పోయినా ఉంటయి. పీడీఎఫ్ పోతే ఇంకొకరు పంపుతరు. సినిమా పోతే పండుగ చేసుకోండి, చదువుకోవచ్చు. కానీ పోయిన మనిషి గొంతు, కూలిపోయిన పాత ఇంటి ఫొటో, తాత చెప్పిన తండా కథ, ఇవి ఏ మీసేవల దొరకవు. మనం చేస్తున్నది తలకిందులు. మళ్ల వచ్చే సర్టిఫికెట్‌ను లామినేషన్ చేసి బీరువాల పెడుతున్నం, మళ్ల రాని గొంతును రోడ్డు మీద కొన్న కార్డుల పడేస్తున్నం.

అందరినీ అన్నం గాబట్టి మమ్మల్ని కూడా అనుకుంటం. ఈ గ్రూపు మొదలైనప్పటి నుంచి సేవాలాల్ జయంతి వీడియోలు, తీజ్ ఫొటోలు ఎన్ని వేల వచ్చినయో. ఒక్కటి కూడా పద్ధతి ప్రకారం దాచలేదు. ఎవరన్నా అడిగితే "ఫలానా అన్న దగ్గర ఉంటది" అంటం. ఆ అన్న ఫోను మార్చి మూడేండ్లు అయింది. గోర్ బోలిని 8వ షెడ్యూల్‌ల చేర్చాలె అని ర్యాలీ తీస్తం, బ్యానర్ కడతం. రేపు నిజంగ చేర్చి, "మీ భాషల ఏముందో తెండి" అంటే ఏం పట్టుకపోతం? బ్యానర్ ఫొటోనా?

అందుకని మేము కొంతమంది కూర్చొని ఇవి అనుకున్నం. ఒప్పుకునేటోళ్లు చేయి కలపండి.

ఒకటి. మూడు ఊర్లు, మూడు నకళ్లు. సూర్యాపేటల ఒకటి, కోదాడల ఒకటి, మిర్యాలగూడల ఒకటి. ఏ తండాల ఏది రికార్డు చేసినా వారం లోపల మూడు చోట్లకు చేరాలె. ఒకటి హార్డ్‌డిస్క్‌ల, ఒకటి కంప్యూటర్ల, ఒకటి ఆన్‌లైన్‌ల. ఒకే రకం దాంట్ల మూడూ పెడితే ఒకే జబ్బుతోని మూడూ పోతయి. కార్డు, పెన్‌డ్రైవ్ ఏండ్లకేండ్లు డబ్బాల పెడితే అట్లనే ఉంటయనుకోవడం తప్పు, కరెంటు తగలక మెల్లగ మరిచిపోతయి. ఏడాదికి ఒకసారి, తీజ్ టైముకు, అన్నీ తెరిచి వినాలె.

రెండు. రికార్డు చేసిన రాత్రే వినాలె. యాడీ ముందలనే వినిపించాలె. ఆమెకు సంతోషం, మనకు పరీక్ష. ఫైలుకు పేరు పెట్టాలె: తండా, పాట రకం, తేదీ. "రికార్డింగ్ 047" అని వదిలేస్తే పదేండ్లకు అది ఎవరి గొంతో మనకే తెల్వదు.

మూడు. అడగకుండ బయట పెట్టొద్దు. ఆర్కైవ్ డాట్ ఆర్గ్ లాంటి జాగలల్ల పైసలు లేకుండ దాచవచ్చు, కానీ అక్కడ పెట్టింది లోకమంతా వింటది. చావు పాటలు, ఇంటి ఆడోళ్ల మాటలు, దేవుని ముచ్చట్లు, వీటిని ఎవరికి వినిపించాలె, ఎవరికి వద్దు అని చెప్పాల్సింది పాడిన మనిషి. మనకు డిగ్రీ ఉన్నంత మాత్రాన ఆ పాట మనది కాదు.

నాలుగు. ఆదివారం పరీక్ష. గ్రూపుల కంప్యూటర్లున్నోళ్లు నెలకొక ఆదివారం కూర్చుంటం. కొత్త కార్డులు తెండి, నింపి చూసి చెప్తం. దొంగదని తేలితే అందరం కలిసి దుకాణానికి పోదాం. కొట్లాటకు కాదు, కాగితం పట్టుకొని. ఒక్కడు పోతే "నువ్వే పాడు చేసినవ్" అంటరు. పది మంది, పరీక్ష ఫలితం, ఫోన్‌పే రసీదు పట్టుకొని పోతే మాట మారుతది.

ఐదు. కార్డు పోయింది అని ఎవరన్నా పెడితే ఏడుపు బొమ్మ పెట్టొద్దు. "ఫార్మాట్ కొట్టకు, ఆఫ్ చేసి తీసుకరా" అని రాయండి. ఆ ఒక్క వాక్యం ఎన్నో ఇండ్ల ఫొటోలను కాపాడతది.

చివరికి ఒక్క ముచ్చట. ఆ మూడు రాత్రులల్ల ఒక చెల్లె తన ఫోనుల 40 సెకన్లు తీసి, కోదాడ హాస్టల్ల ఉన్న స్నేహితురాలికి వాట్సాప్‌ల పంపింది. "చూడు, మా యాడీ ఎట్ల పాడుతుందో" అని, గంతే. ఆమె డిలీట్ చేయలే. ఆరు గంటలల్ల మనకు మిగిలింది ఆ 40 సెకన్లు. నాలుగు మాటలు, ఒక దగ్గు, వెనుక కుక్క మొరుగుడు. దినాల నాడు దాన్నే పదిసార్లు పెట్టుకొని విన్నరు. అది మిగిలింది కార్డు మంచిదై కాదు, ఫోను గొప్పదై కాదు. ఇంకో ఊర్ల ఇంకో నకలు ఉండె కాబట్టి.

ఈ రాత్రి మీ ఫోను తెరవండి. మళ్ల రానిది ఏముందో ఒక్కటి వెతకండి. అది ఇంకొకరి దగ్గర కూడా ఉన్నదా చూడండి. లేకపోతే పడుకునే ముందే పంపండి. మీ తండాల పాటలు తెలిసిన యాడీ ఇంకా ఉంటే, వచ్చే తీజ్ దాకా ఆగకండి. ఈ ఆదివారమే పోదాం.

జై సేవాలాల్.